పుల్ల గుచ్చిన ఆకు

పిట్ట దిగింది. ఆకును ముక్కుతో ఎత్తి అవతల పారేసింది. ఎగిరిపోయింది. అంతా కలిపి రెండు ఊపిరులు తీసినంత సేపు.

మట్టల తడిక వెనక చెక్క బల్ల మీద కూర్చున్న ముసలాయన మాత్రం కంతకు ముఖం ఆనించి ఇంకా చూస్తూనే ఉన్నాడు. మోకాళ్ల మీద రెండు చేతులూ బిగబట్టి, చెమట కారుతున్నా తుడుచుకోకుండా.

"వచ్చినదా?" అన్నాడు కాసేపటికి గుసగుసగా.

పక్కనే కూర్చున్న ఫీనా తల దించుకుంది. "వచ్చింది తాతా. వెళ్లిపోయింది."

"ఎచ్చటికి దిగినది?"

"అదిగో, ఆ సన్న మొక్క మొదట్లో. ఎర్రటి వీపు కనబడలేదూ? నెత్తి మీద నీలం?"

"లేదు." ఆయన కంత నుంచి ముఖం తీసి కళ్లు నులుముకున్నాడు. "ఎదురుగా చూచితిని. ఎదురుగా చూచిన నాకు ఏదియు కనబడదు. ఆత్రమున మరచితిని."

ముసలాయన పేరు మోరితా, జపానులో రైలు నడిపినవాడు. నలభై ఏళ్లు పట్టాలకేసి చూసిన కళ్లు ఇప్పుడు ఎటు చూస్తే అటు నడిమధ్య బొటనవేలంత చీకటిని చూపిస్తున్నాయి. చుట్టూ అంచుల్లోనే వెలుగు. దేన్నైనా చూడాలంటే కోడిలా తల పక్కకు తిప్పి, అంచుతో వెతికి పట్టుకోవాలి. దానికి వ్యవధి కావాలి. ఈ భాష ఇంటి దగ్గర ఏదో పాత పుస్తకం పెట్టుకుని నేర్చుకున్నాడట. పడవ దిగిన రోజున "అందరును కుశలమేనా?" అని అడిగితే రేవులో వాళ్లంతా నవ్వాపుకోలేక తలలు తిప్పుకున్నారు.

ఫీనా ఇంకో ఆకు తెంపి, వంగి నడుస్తూ వెళ్లి గచ్చు మధ్యలో పడేసి వచ్చింది. గచ్చంటే గచ్చు కాదు. రెండు చాపలంత మేర అడవి నేల. ఆ పిట్ట రోజంతా ఊడ్చి ఊడ్చి గచ్చులా చేసుకున్నది. ఒక్క ఎండుటాకు పడినా దానికి నిద్ర పట్టదు. పైనెక్కడో కూర్చుని చూసి, దిగివచ్చి ఎత్తి పారేస్తుంది. అలా దిగినప్పుడే చూపించాలి. ఈ దీవిలో పిట్టలు చూపించే వాళ్ల విద్య అంతా ఆ ఒక్క ఆకులోనే ఉంది.

ఎండ చెట్ల నడిమికి వచ్చేదాకా కూర్చున్నారు. మళ్లీ రాలేదు.

దిగేటప్పుడు బురదలో ఫీనా ముందు నడుస్తూ, వేళ్లు అడ్డం వచ్చిన చోటల్లా ఆగి ఆయన చెయ్యి పట్టుకుని దాటించింది. ఆయన ప్రతిసారీ తల వంచి దణ్ణం పెట్టాడు. డెబ్బై ఆరేళ్ల మనిషి, ఇంత దూరం, ఒంటరిగా. జారి పడితే ఎవరికి కబురు చెయ్యాలో కూడా తెలియదే అని ఆమె గుండె దారి పొడుగునా పీకుతూనే ఉంది.

రేవు దగ్గర మేసక్ పడవ మోటారు విప్పి చమురు తుడుస్తున్నాడు. వక్క నమిలి ఎర్రబడ్డ నోటితోనే అడిగాడు. "ఏం వదినా, దర్శనమిచ్చిందా మహారాజు?"

"దిగింది. ఆయన కంటికి ఆనలేదు."

"ఆనేంతసేపు ఉండాలిగా!" మేసక్ గుడ్డ విదిలించాడు. "మా అన్న ఉన్నప్పుడు అరగంట ఉండేది. ఒక్కోసారి ఇంకా ఎక్కువ. నీ దగ్గరికొచ్చేసరికి గడప దగ్గర్నుంచే తిరిగిపోయే చుట్టంలా చేస్తోంది."

"దానికి మీ అన్న అలవాటు, మేసక్. నేను కొత్త."

"ఏడాదయింది వదినా, ఇంకా కొత్తేంటి? పోయిన నెల వచ్చినవాళ్లు కూడా పెదవి విరిచారు. ఇదిగో, నేను దాచను. అవతలి కొండ మీద నేనింకో గచ్చు చూశాను. ఈ నెల చూసి మన దారి మూసేద్దామనుకుంటున్నా."

మూసేస్తే ఏమిటో అతను చెప్పలేదు. చెప్పనక్కర్లేదు. ఆమె భర్త ఓత్నియెల్ పోయిన నలభయ్యో రోజున కుటుంబం కూర్చుని తేల్చిన మాటే: పిల్లా జెల్లా లేని మనిషి, ఆ కొండ మీదికి మనుషుల్ని తీసుకెళ్లినన్నాళ్లు ఇక్కడుంటుంది, తరవాత తన తమ్ముడి దీవికి వెళ్తుంది. ఆ తమ్ముడి దీవిలో ఆమెకు ఒక్క సమాధి కూడా లేదు. ఉన్న ఒక్కటీ ఇక్కడే, చర్చి వెనక.

రెండో రోజూ అంతే. పిట్ట దిగడం, ముసలాయన తల తిప్పేలోగా ఎగిరిపోవడం. "శబ్దము వింటిని. రెక్కల శబ్దము," అన్నాడు ఆమెను ఓదారుస్తున్నట్టు. "అదియును గొప్పయే."

ఆ సాయంత్రం ఫీనా తడికకు కొత్త మట్ట కడుతోంది. తడికను కర్రకు పట్టి ఉంచడానికి వెదురు పుల్ల చెక్కి గుచ్చింది. గుచ్చిన చోట ఒక ఆకు కూడా కలిసి గుచ్చుకుంది. తీద్దామని లాగితే రాలేదు. ఆమె చెయ్యి అక్కడే ఆగిపోయింది.

చుట్టూ ఎవరూ లేకపోయినా అటూ ఇటూ చూసింది. ఇలాంటి పని ఎవరూ చేసి ఉండరు అనుకుంది. ఓత్నియెల్ కళ్లల్లో పడితే ఏమనేవాడో! తరవాత మోరితా తల పక్కకు తిప్పి, నోరు కొంచెం తెరిచి వెతుక్కునే తీరు గుర్తొచ్చింది. రేపు మధ్యాహ్నానికి ఆయన పడవెక్కేస్తాడు. వచ్చే ఏడాదికి అంచుల్లోని ఆ వెలుగు కూడా ఉండదని వైద్యులు చెప్పారట.

వేలెడు వెదురు పుల్ల చెక్కి సంచిలో వేసుకుంది.

మూడో రోజు తెల్లవారకముందే ముసలాయన్ని బల్ల మీద కూర్చోబెట్టి, "కదలకు తాతా," అని తను గచ్చు దగ్గరకు వెళ్లింది. ఆయనకు వీపు అడ్డుపెట్టి, వెడల్పాటి పచ్చి ఆకు తొడిమెలో పుల్ల గుచ్చి బొటనవేలితో నేలలోకి దిగేసింది. పుల్ల తల మీద మన్ను కప్పింది. వచ్చి పక్కన కూర్చుని, మన్నంటిన చేతులు చంకల్లో దాచుకుంది.

వెలుగొచ్చింది. పైన పెద్దముక్కు పిట్టలు ఆవిరి యంత్రాల్లా రెక్కల చప్పుడు చేసుకుంటూ దాటిపోయాయి. ఆ తరవాత అది దిగింది.

పిచ్చుక కంటే కాస్త పెద్దది. మెడ వెనక పసుపు, వీపు రక్తమంత ఎరుపు. బోడి నెత్తి మీద లోపల దీపం పెట్టినట్టుండే నీలం. తోకలో రెండు తీగలు మీసాల్లా మెలి తిరిగి ఉన్నాయి. గెంతుతూ వచ్చి ఆకును పట్టి లాగింది. రాలేదు. వదిలి, తల వంచి ఆకును చూసింది. మళ్లీ లాగింది. అటు పక్కకు వెళ్లి అటునుంచి లాగింది. ఎగిరి సన్న మొక్క మీద వాలి, పైనుంచి చూసి, మళ్లీ దిగింది.

మోరితా తల మెల్లగా కుడివైపు తిరిగింది. ఇంకాస్త. ఆగింది.

"ఆ..." అన్నాడు. ఊపిరి బయటికి వచ్చినంత చప్పుడు. "ఎరుపు."

"చూడు తాతా, తొందరేం లేదు."

"నీలము. నీలము కూడ ఉన్నది." ఆయన చెంపల మీద నీళ్లు కారుతున్నాయి. తుడుచుకుంటే చోటు తప్పుతుందని తుడుచుకోలేదు. "చూచితిని. అమ్మా, చూచితిని."

ఫీనా అటు చూడలేదు. పిట్టనే చూస్తోంది. అది ఇప్పుడు ఆకును చీలుస్తోంది. చీలిన ముక్కను మోసుకెళ్లి గచ్చు అవతల పారేసి, పరుగున వచ్చి ఇంకో ముక్క. మధ్య మధ్య తొడిమె పట్టుకుని కాళ్లు నేలలో తన్నిపెట్టి వెనక్కి లాగుతోంది. ముక్కు జారి వెల్లకిలా పడింది ఒకసారి.

అప్పుడే గోధుమరంగు ఆడపిట్ట వచ్చి మొక్క మీద వాలింది. ఏడాదిగా ఫీనా దాన్ని చూడలేదు. ఆడపిట్ట వస్తే మగది ఏం చేస్తుందో ఆమెకు తెలుసు: మొక్కకు అతుక్కుని, రొమ్ము మీది పచ్చటి ఈకలు పళ్లెంలా విప్పి, కదలకుండా నిలబడుతుంది. ఏడాదంతా ఊడ్చింది ఆ కాసేపటి కోసమే. మగది పైకి చూసింది. ఒక అడుగు అటు వేసింది. ఆగి, వెనక్కి తిరిగి ఆకును చూసింది. మళ్లీ వచ్చి తొడిమె పట్టుకుంది.

ఆడపిట్ట కొంతసేపు చూసింది. మెడ అటూ ఇటూ తిప్పింది. వెళ్లిపోయింది.

"ఎంత శ్రద్ధ!" అన్నాడు మోరితా, ముఖమంతా వెలిగిపోతూ. "నా భార్యయును ఇట్లే. మరణించిన నాటి ఉదయమున కూడ వాకిలి ఊడ్చినది."

మధ్యాహ్నం రేవులో ఆయన ఎదురుపడిన ప్రతివాడికీ చెప్పాడు. నలభై నిమిషములు! గడియారం చూపించి మరీ చెప్పాడు. పడవ ఎక్కేముందు ఫీనా రెండు చేతులూ పట్టుకుని నుదుటికి ఆనించుకున్నాడు. ఆమెకు చేతులు లాక్కోవాలనిపించింది. ఆ మనిషిని మళ్లీ ఈ జన్మలో చూడనని తెలిసి లాక్కోలేకపోయింది.

మేసక్ పట్నంలో పిట్టల యాత్రలు నడిపేవాళ్లకు ఫోను చెయ్యడానికి రేవు చివరికి పరుగెత్తాడు. సంకేతం అందేది అక్కడొక్కచోటే. తిరిగొచ్చేటప్పుడు నడక కాదు, నాట్యం. "వదినా! ఏం మంత్రం వేశావ్? సోమవారం పన్నెండుమంది వస్తున్నారు. అందరూ కెమెరాల వాళ్లే! దారి మూసేదేముంది ఇంక? కొత్త బల్లలు వేయిస్తా."

అతని భార్య యాకోమినా ఆరబెట్టిన చేపలు తిరగేస్తూ అంది. "మొన్నటిదాకా గడప దగ్గర్నుంచే తిరిగిపోయే చుట్టం అన్నావ్. ఇవాళ మంత్రమా? నీ నోటికి తలుపు లేదు, గడియా లేదు."

ఫీనా నవ్వినట్టు ముఖం పెట్టి, సంచి పట్టీ తలకు తగిలించుకుని కొండెక్కింది. పుల్ల అలాగే ఉందే అన్న బెంగ ఆమెను నిలవనివ్వలేదు.

గచ్చు మీద ఆకు లేదు. ఈనె కూడా లేదు. నేలలోంచి గోరంత తొడిమె మాత్రం పొడుచుకొని ఉంది. దాని చుట్టూ మన్ను కాలిగోళ్లతో గీరి గీరి ఉంది. పుల్ల పట్టుకుని లాగితే విరిగి మొన లోపలే ఉండిపోయింది. పిట్ట కాలికి గుచ్చుకుంటుందని వేళ్లతో తవ్వింది. మొన దొరికింది. దాని పక్కనే ఇంకోటి తగిలింది.

అది వెదురు కాదు. నల్లగా, గట్టిగా ఉంది. అడవి తాటి చేవ. ఒళ్లోని గుడ్డతో మన్ను తుడిచింది. వేలెడు పుల్ల. ఒక చివర మొన. రెండో చివర, తల కింద, పక్కపక్కనే రెండు గాట్లు.

ఆ గాట్లు ఆమెకు తెలియనివి కావు. ఓత్నియెల్ ఏది చెక్కినా, గరిటె కానీ, గాలపు కర్ర కానీ, తడిచేతిలో జారకుండా పిడి దగ్గర రెండు గాట్లు పెట్టేవాడు. ఇంట్లో జావ కలిపే పుల్లలకూ అవే గాట్లు.

తవ్వింది. ఇంకొకటి. ఇంకొకటి. కొన్ని మొన విరిగినవి, కొన్ని నిండుగా ఉన్నవి. పదకొండుదాకా లెక్కపెట్టి ఆపేసింది. చేతులు మాత్రం తవ్వుతూనే ఉన్నాయి.

"నువ్వు వాగు దగ్గరకెళ్లి నీళ్లు పట్టుకురా," అనేవాడు, వచ్చినవాళ్లను కూర్చోబెట్టేముందు ప్రతిసారీ. "నీ అలికిడికి బెదురుతుంది." వాగు ఒడ్డున రాయి మీద కూర్చుని ఎన్ని పొద్దులు అనుకుందో, ఆ పిట్టకు ఆయనంటే ప్రేమ, నేనంటే భయం అని. ఎంత ఒళ్లు దగ్గర పెట్టుకుని నడిచిందో ఆ అడవిలో. దగ్గు వస్తే నోట్లో గుడ్డ కుక్కుకుంది.

ఆమె ఏడవలేదు. గచ్చు చదును చేసి, అరచేతితో మెత్తి, పుల్లలన్నీ సంచిలో వేసుకుంది. ఏడాది కిందట మనిషిని మట్టిలో పెట్టినప్పుడు ఆయన పూర్తిగా పోలేదు. చెప్పుకోవడానికి ఆయన పేరు, ఆయన మాట వినే పిట్ట మిగిలాయి. ఇవాళ మట్టిలోంచి తీశాక పోయాడు.

శనివారం పొద్దున పొయ్యిలో ఆ పుల్లలు వేసి సగ్గు జావకు నీళ్లు పెట్టింది. చేవ పుల్లలు అంత తేలిగ్గా అంటుకోలేదు. పొగ పెట్టి పెట్టి, ఎప్పటికో నీలంగా మండాయి. యాకోమినా పులుసుకు పసుపు కొమ్ము అడగడానికి వచ్చి ముక్కు మూసుకుంది.

"ఏంటక్కా ఈ కంపు? సముద్రంలోంచి కొట్టుకొచ్చిన కర్రలు పెట్టావా?"

"పాతవి. మూల పడున్నాయి."

"సోమవారం వాళ్లొస్తే నీకు ఊపిరి సలపదు. ఇవాళన్నా కాస్త నడుం వాల్చు. కళ్లు చూడు, ఎలా లోపలికి పోయాయో."

"పొగమ్మా," అంది ఫీనా. యాకోమినా వెళ్లేదాకా పొయ్యి ముందునుంచి లేవలేదు. కణకణలాడే పుల్లల మీద గాట్లు ఇంకా కనబడుతున్నాయి. పట్టకారుతో తిప్పి తిప్పి అవి పోయేదాకా కాల్చింది.

ఆదివారం ప్రార్థన అయ్యాక సంఘపెద్ద అబ్సలోం లేచి, ఎవరైనా చెప్పవలసింది ఉంటే చెప్పమన్నాడు. ఓత్నియెల్‌కు చిన్నాన్న. పిల్లలకు దేవుడి సృష్టి గురించి చెప్పేటప్పుడల్లా, ఆకాశపక్షి లోబడిన మనిషి మన ఊళ్లోనే పుట్టాడని చెప్పుకునేవాడు. ఫీనా ఆడవాళ్ల వరసలోంచి లేచింది.

"మామా, మా కొండ మీద గచ్చుకు సాసీ పెట్టాలి."

చర్చిలో గుసగుసలు లేచాయి. సాసీ సముద్రానికి పెడతారు, శంఖాలు పెరగడానికి. తోటకు పెడతారు, కొబ్బరి నిలవడానికి. ప్రార్థన చేసి, కొబ్బరిమట్ట కట్టిన కర్ర పాతితే ఇక ఆ చోట దొంగ కూడా అడుగు పెట్టడు, మళ్లీ ప్రార్థన చేసి ఎత్తేదాకా. పిట్టకు సాసీ ఎవరూ వినలేదు.

"రేపు పన్నెండుమంది వస్తుంటేనా?" మేసక్ లేచి నిలబడ్డాడు. "వదినా, నీకు మతి ఉండే మాట్లాడుతున్నావా?"

"ఎందుకమ్మా?" అన్నాడు అబ్సలోం.

ఫీనా ముందు బెంచీ వీపు పట్టుకుంది. "నేను ఆకును నేలకు గుచ్చాను మామా, పుల్లతో. అందుకే నిలిచింది, నలభై నిమిషాలు. లాగీ లాగీ... ఆడపిట్ట వచ్చినా పోలేకపోయింది. దానికి నేను చేసింది చిన్న అన్యాయం కాదు. ఇంక కొన్నాళ్లు దాన్ని దాని మానాన వదిలెయ్యాలి. నాతో సహా ఎవరూ వెళ్లకూడదు."

అబ్సలోం కళ్లజోడు తీసి చొక్కా అంచుతో తుడుచుకున్నాడు.

"వాడి గచ్చులోనా," అన్నాడు చివరికి. "చిలక పలుకంత మాటతో పిట్టను దించిన వాడి గచ్చులో, నువ్వు పుల్ల గుచ్చావా ఫీనా?"

"గుచ్చాను మామా."

"వాడుంటే ఏమయ్యేవాడే తల్లీ!"

నోటిదాకా వచ్చినదాన్ని ఆమె మింగింది. బెంచీ వీపు వదిలి కూర్చుంది. పక్కనున్న ఆడవాళ్లు కొంచెం జరిగారు, చోటివ్వడానికైతే కాదు.

ఆ మధ్యాహ్నమే కర్ర పాతారు, ఏడాది గడువుతో. సోమవారం వచ్చినవాళ్లను మేసక్ అవతలి కొండకు తీసుకెళ్లాడు. అక్కడ పిట్ట దిగింది, ఆకు ఎత్తింది, పోయింది. వాళ్లు సణుక్కుంటూ తిరిగొచ్చారు.

మంగళవారం తమ్ముడు ఎనోస్ పడవ తెచ్చాడు. ఎవరూ ఆమెను పొమ్మనలేదు. ఉండమనీ అనలేదు. చర్చి వెనక కాసేపు కూర్చుని, సమాధి మీద రాలిన ఆకులు ఏరబోయి, ఒకటి చేతిలోకి తీసుకుని, మళ్లీ అక్కడే పెట్టి వచ్చేసింది.

యాకోమినా వేయించిన అరటికాయ ముక్కలు పొట్లం కట్టి ఒళ్లో పెట్టింది. "తిను అక్కా, పడవలో. ఖాళీ కడుపుతో వాంతులవుతాయి నీకు." ఇంకేదో అనబోయి చెంగు నోటికి అడ్డం పెట్టుకుని వెళ్లిపోయింది.

మేసక్ సామాను అందించే నెపంతో రేవు మెట్లు దిగి దగ్గరకొచ్చాడు. గొంతు తగ్గించాడు.

"వదినా, కోపం తెచ్చుకోకు. ఆ పుల్ల... ఎంత లోతు గుచ్చావ్? ఏ ఆకు?"

ఫీనా సామాను పడవలో పెట్టి అతనికేసి చూసింది. మేసక్ ముఖంలో పాపమేమీ లేదు. మోటారుకు ఏ చమురు పోశావని అడిగినట్టే ఉంది.

"అది పనికిరాదు మేసక్. ఒక్కరోజుకే. మర్నాటినుంచి పిట్ట ఆ గచ్చు వదిలేస్తుంది."

"మరి అన్నకెలా నిలిచేది అరగంట?"

"మీ అన్న పుల్లలు గుచ్చలేదుగా!" అంది ఆమె, అతని కళ్లలోకి సూటిగా చూస్తూ. "పిలిచేవాడు."

"ఎలా పిలిచేవాడు? నాకెప్పుడూ చెప్పలేదే!"

"ఎవరికీ చెప్పలేదు. ముందు ఆరు నెలలు ఆకు వెయ్యకుండా ఊరికే వెళ్లి కూర్చున్నాడు. పిట్ట మనిషిని మరిచిపోయేదాకా. ఆ తరవాత, ఇదిగో, ఇలా..."

పెదవులు తడుపుకుని మెల్లగా ఈల వేసింది. రెండు పొడుగు, ఒకటి పొట్టి, చివర కొంచెం పైకి. వేటనుంచి పడవ మలుపు తిరిగేటప్పుడు, అన్నం వడ్డించమని, ఓత్నియెల్ ఆమెకోసం వేసే ఈల అది. ఇరవై రెండేళ్లలో ఇంకెవరికోసమూ వెయ్యలేదు.

"ఆరు నెలలా?" మేసక్ వక్కరసం నీళ్లలో ఉమ్మి, ఆలోచనలో పడ్డాడు. "పుల్ల కన్నా కష్టమే."

"కష్టమే. కానీ నీకు వస్తుంది. ఆయన రక్తమే కదా నీది."

ఎనోస్ మోటారు తిప్పాడు. పడవ రేవును వదిలి, పగడపు దిబ్బల పచ్చటి నీళ్లు దాటి, నల్లటి లోతులోకి వచ్చింది. ఫీనా పొట్లం పట్టుకుని ముందుకే చూస్తూ కూర్చుంది. మలుపు దగ్గర ఎనోస్ మోటారు నెమ్మది చేసినప్పుడు, వెనకనుంచి, నీళ్ల మీదుగా అది వినిపించింది. మొదట తప్పుగా. తరవాత ఇంకోసారి, ఈసారి సరిగ్గా. రెండు పొడుగు, ఒకటి పొట్టి, చివర కొంచెం పైకి.

ఆమె వీపు నిటారయింది. పొట్లం ఒళ్లోంచి జారింది.

ఎనోస్ వెనక్కి తిరిగి చూశాడు. "రేవులో ఎవరో పిలుస్తున్నారక్కా. తిప్పనా?"

"వద్దు," అంది ఫీనా. "నన్ను కాదు."